కోల్డ్‌ప్లే రాకకు సెలవులు కారణమా?

సంపాదకులకు,

కోల్డ్‌ప్లే రాక్ బృందము గణతంత్రదినపు సెలవును చూచుకొనియే 2025 జనవరిలో వచ్చినదనియు, కావున ప్రతి జనవరియందును వచ్చుట తథ్యమనియు అభిమానులు చేయు ఊహను మీ పత్రిక సిద్ధాంతముగా ప్రకటించినది. నవీ ముంబయిలో మూడవ కచేరి జరిగిన 21వ తేదీ మంగళవారము, పనిదినము. అహమ్మదాబాదున పాడిన 26వ తేదీ ఎటులైనను ఆదివారమే. అదే నెలలో అబూధాబియందు నాలుగు కచేరీలు ముగించి ఇటు మరలిన ఆ బృందమునకు తేదీలను నిర్ణయించినది సంచారమార్గమే యని స్పష్టము. పైగా, 2016 నవంబరున ముంబయిలో పాడిన పిమ్మట ఎనిమిదేండ్లు గడచినగాని వారిచ్చట మరల కచేరి చేయలేదు. ఇట్టి వ్రాతలను నమ్మి మా బొగ్గుగనుల యువకులు ఇప్పటినుండియే సెలవులకు అర్జీలు పెట్టుకొనుచున్నారు. ప్రకటన వెలువడువరకు ఊహను ఊహగానే అచ్చువేయుడు.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు,
చంద్రపూర్, మహారాష్ట్ర