స్టార్ ఆటగాడి మీద ఫిర్యాదు వస్తే విచారణ ఎవరి చేతిలో ఉండాలి?

తల్లిదండ్రులకు, పై తరగతుల విద్యార్థులకు ఒక ప్రశ్న. మీ అమ్మాయి కాలేజీలో చదువుతోంది అనుకోండి. ఆ కాలేజీకి కప్పులు తెచ్చిపెట్టే ఆటగాడు తనతో తప్పుగా ప్రవర్తించాడని ఫిర్యాదు చేసింది. లేదా ఆ ఆటగాడు మీ అబ్బాయే, తాను ఏ తప్పూ చెయ్యలేదంటున్నాడు అనుకోండి. ఈ రెండు ఇళ్లలో మీది ఏదైనా సరే, ఆ ఫిర్యాదుని ఎవరు విచారించాలని కోరుకుంటారు? కాలేజీ కోచ్‌నా? కాలేజీ పరువు గురించి కంగారు పడే అధికారినా?

ఈ ప్రశ్నకి అమెరికా విశ్వవిద్యాలయాలు చాలా ఖరీదు చెల్లించి జవాబు నేర్చుకున్నాయి. ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాయి. మన వాళ్ల పిల్లలు చాలామంది చదువుకి అక్కడికి వెళ్తున్నారు. ఇక్కడ స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీట్లు తెచ్చుకునే పిల్లలూ ఉన్నారు. అందుకే అక్కడ జరిగినవి మనమూ తెలుసుకోవాలి.

ముందు అక్కడి కాలేజీ ఆట గురించి రెండు మాటలు. వాళ్లు ఫుట్‌బాల్ అనేది బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. మన దగ్గర ఇంటర్ కాలేజీ మ్యాచ్‌కి స్నేహితులు, మాస్టార్లు వస్తారు. అక్కడ మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో లక్షకి పైగా జనం కూర్చుంటారు. టికెట్లు, టీవీ హక్కులు, పూర్వ విద్యార్థుల విరాళాలు, అన్నీ జట్టు గెలుపు చుట్టూనే తిరుగుతాయి. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలో ఎక్కువ జీతం ప్రభుత్వ విశ్వవిద్యాలయం కోచ్‌దే. 2025 నుంచి విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు కూడా ఇవ్వొచ్చు. ఇంత డబ్బు ముడిపడి ఉన్న ఆటగాడి మీద ఫిర్యాదు వస్తే, దాన్ని తీసుకునే మనిషి చెయ్యి కొంచెం వణుకుతుంది కదా.

చట్టం లేక కాదు. 1972లో వచ్చిన టైటిల్ నైన్ అనే చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడా మగా తేడా చూపకూడదు. లైంగిక వేధింపు ఫిర్యాదు వస్తే పట్టించుకోకపోవడం కూడా ఆ తేడా కిందికే వస్తుంది. అంటే పోలీసు కేసు ఉన్నా లేకపోయినా, విశ్వవిద్యాలయం తన వంతు పని తాను చెయ్యాలి. అది చెయ్యనప్పుడు ఏమయిందో టెక్సస్ రాష్ట్రం వేకో పట్నంలోని బేలర్ విశ్వవిద్యాలయంలో చూడొచ్చు.

బేలర్ ఒక ప్రైవేటు క్రైస్తవ విశ్వవిద్యాలయం. చాలా ఏళ్లు ఓడిపోతూ వచ్చిన దాని ఫుట్‌బాల్ జట్టు 2010 తర్వాత ఒక్కసారిగా పైకి లేచింది. 2014లో కొత్త స్టేడియం కూడా తెరిచారు. అదే ఏడాది జనవరిలో ఆ జట్టు మాజీ ఆటగాడొకరికి లైంగిక దాడి కేసులో 20 ఏళ్ల జైలు పడింది. 2015 ఆగస్టులో ఇంకో ఆటగాడి కేసు కోర్టులో విచారణకి వచ్చింది. అప్పుడు గానీ విశ్వవిద్యాలయం బయటి లాయర్ల సంస్థని పిలిచి విచారణ చేయించలేదు.

2016 మే నెలలో బయటపెట్టిన ఆ విచారణ సారాంశం చదివితే మనసు కలుక్కుమంటుంది. కొన్ని సందర్భాల్లో ఫుట్‌బాల్ విభాగం వాళ్లే ఫిర్యాదు చేసిన అమ్మాయిలతోనో, వాళ్ల తల్లిదండ్రులతోనో మాట్లాడారు. ఆ మాట విభాగం గోడ దాటనివ్వలేదు. క్రమశిక్షణకి తమ సొంత పద్ధతి పెట్టుకున్నారు. కొందరు ఆటగాళ్లని కారణం చెప్పకుండా జట్టు నుంచి తీసేసి, వేరే విశ్వవిద్యాలయంలో చేరడానికి సాయం చేశారు. అంటే సమస్యని పరిష్కరించలేదు, పక్క ఊరికి పంపారు. ఫుట్‌బాల్ నియమాలకి అతీతం అన్న భావన అక్కడ పాతుకుపోయిందని ఆ సారాంశమే చెప్పింది. ప్రధాన కోచ్ పదవి పోయింది. విశ్వవిద్యాలయ అధ్యక్షుణ్ణి పదవి నుంచి తప్పించారు. క్రీడా విభాగం అధిపతి రాజీనామా చేశారు.

ఒక సంగతి గమనించండి. ఆ అమ్మాయిల మాట ఎవరూ వినలేదని కాదు. విన్నారు. విన్నది ఆటతో లాభపడే వాళ్లు. అసలు పొరపాటు అక్కడే ఉంది.

రెండో పొరపాటు ఆలస్యం. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో 2012 డిసెంబరులో ఒక విద్యార్థిని పోలీసులకి ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు జట్టులోని పెద్ద ఆటగాడి మీద. అతను మొదటినుంచీ తప్పు చెయ్యలేదనే అన్నాడు. ఏడాది తర్వాత, సాక్ష్యం చాలదని ప్రాసిక్యూటర్ కేసు పెట్టలేదు. కొన్ని రోజులకే అతనికి దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడి బహుమతి వచ్చింది, వెంటనే జట్టుకి జాతీయ ఛాంపియన్‌షిప్ వచ్చింది. విశ్వవిద్యాలయం తన విచారణ జరిపింది ఎప్పుడు? 2014 డిసెంబరులో, రెండేళ్ల తర్వాత. ఒక రిటైర్డ్ జడ్జి ఇరువైపులా విని, అతను నియమాలు ఉల్లంఘించినట్టు తేలలేదని చెప్పారు. 2016లో ఆ విద్యార్థిని వేసిన దావాలో విశ్వవిద్యాలయం తప్పు ఒప్పుకోకుండానే 9 లక్షల 50 వేల డాలర్లకి రాజీ పడింది.

ఇందులో ఎవరిది నిజమో మనం తేల్చలేం, తేల్చకూడదు కూడా. కానీ రెండేళ్ల ఆలస్యం ఇద్దరికీ అన్యాయమే. ఆ అమ్మాయికి జవాబు దొరకలేదు. ఆ అబ్బాయికి, ఒకవేళ నిజంగా నిర్దోషి అయితే, పేరు తేటపడలేదు. సాక్షుల జ్ఞాపకాలు కూడా రోజురోజుకీ పలచబడతాయి కదా.

దీనికి పూర్తిగా ఎదురు పొరపాటు కూడా ఉంది. 2006లో నార్త్ కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం లక్రాస్ ఆటగాళ్ల మీద అత్యాచారం ఆరోపణ వచ్చింది. కొన్ని వారాల్లోనే కోచ్‌తో రాజీనామా చేయించారు, ఆ ఏడు మిగిలిన మ్యాచులన్నీ రద్దు చేశారు. ముగ్గురు ఆటగాళ్ల మీద నేరారోపణ నమోదయింది. అప్పుడు ఎన్నికల బరిలో ఉన్న ప్రాసిక్యూటర్, ఆటగాళ్లకి అనుకూలంగా ఉన్న డీఎన్ఏ పరీక్ష ఫలితాలు దాచాడని తర్వాత తేలింది. 2007 ఏప్రిల్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ ఆ ముగ్గురూ నిర్దోషులని ప్రకటించారు. ఆ ప్రాసిక్యూటర్ లాయర్ లైసెన్సే పోయింది.

బేలర్‌లో ఫిర్యాదుని నొక్కేశారు. డ్యూక్‌లో విచారణ పూర్తికాక ముందే శిక్ష మొదలుపెట్టారు. పైకి రెండూ ఉత్తర దక్షిణాల్లా కనిపిస్తాయి. లోపల మాత్రం జబ్బు ఒకటే. నిజం ఏమిటన్నది చూడక ముందే, ఏది తేలితే మనకి మంచిది అని చూసుకున్నారు. ఒక చోట గెలుపు, ఇంకో చోట పరువు, ఓట్లు.

"మరి ఆటల సంఘం ఏం చేసింది?" అని అడుగుతారేమో. కాలేజీ ఆటల్ని నడిపే జాతీయ సంఘం బేలర్ కేసులో 2021 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. లైంగిక హింస ఫిర్యాదుల్ని పైకి చెప్పకపోవడం నైతికంగా తప్పే గానీ, దాన్ని శిక్షించే నియమం తమ పుస్తకంలో లేదని తేల్చింది. వేరే ఉల్లంఘనలకి నాలుగేళ్ల ప్రొబేషన్, 5 వేల డాలర్ల జరిమానా వంటివి వేసి ఊరుకుంది. ఆటల సంఘం ఆటనే చూసుకుంటుంది. పిల్లల రక్షణకి వేరే ఏర్పాటు ఉండి తీరాలి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన దేశంలో యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు అందులో సభ్యులు కాకూడదు. బయటి వ్యక్తి ఒకరు సభ్యులుగా ఉండాలి. విద్యార్థుల విషయమైతే, ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు కూడా ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. బేలర్, ఫ్లోరిడా స్టేట్ పొరపాట్లకి జవాబు కాగితం మీద మన దగ్గర ఉంది. అది కాగితం దాటి వచ్చిందో లేదో చూసుకోవాల్సింది మనమే.

18 ఏళ్లలోపు పిల్లల విషయం ఇంకా గట్టిది. 2012 పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకుండా దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు. "మన జట్టు, మన కోచ్, మన బడి, లోపలే సర్దుకుందాం" అనే మాటకి చట్టంలో చోటు లేదు. మన బడికీ ఇదే వర్తిస్తుంది.

తల్లిదండ్రులారా, పిల్లల్ని కాలేజీలో చేర్చేటప్పుడు ఫీజు, హాస్టల్ గురించి అడిగినట్టే, ఫిర్యాదుల కమిటీలో ఎవరెవరున్నారో కూడా అడగండి. స్పోర్ట్స్ అకాడమీ అయినా సరే, కోచ్ మీద ఫిర్యాదు ఉంటే కోచ్‌కి కాకుండా ఎవరికి చెప్పాలో కనుక్కోండి.

పిల్లలూ, మీకు ఏదైనా జరిగితే నమ్మకమున్న పెద్దవాళ్లకి చెప్పండి. ఒకరు వినకపోతే ఇంకొకరికి చెప్పండి. 1098 నంబరుకి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు. స్నేహితుల గురించి ఇలాంటి మాట వింటే వాట్సాప్‌లో పేర్లు తిప్పకండి. ఫిర్యాదు చేసిన వాళ్లదైనా, ఆరోపణ ఎదుర్కొంటున్న వాళ్లదైనా, పేరు ఒకసారి పోతే తిరిగి రావడం కష్టం.

మొదటి ప్రశ్న మళ్లీ అడుగుతున్నాను. ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకోండి. అమ్మాయి వైపు నుంచి ఒకసారి, అబ్బాయి వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. రెండుసార్లూ మీకు ఒకే రకమైన విచారణ కావాలనిపిస్తే, సరైన విచారణ అదే.