నురగ చూసి మోసపోకండి

సింకు జామ్ అయితే వంటసోడా వేసి, పైన వెనిగర్ పోయమనే చిట్కా మీకూ వచ్చే ఉంటుంది. బుసబుసా పొంగుతుంది, నిజమే. కానీ సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. పొంగు తగ్గాక మిగిలేది ఒక రకం ఉప్పునీళ్లే! విడివిడిగా వాడండి. కుళాయి మీద బోరునీళ్ల తెల్లమరకలకి వెనిగర్ ఒక్కటే, జిడ్డు గిన్నెకి సోడా ఒక్కటే. అమ్మమ్మలు ఇత్తడి బిందెని చింతపండుతో తోమారు గానీ, అందులో సోడా కలిపారా?

సరే, అక్కడ పోయేది డబ్బులే. నాకు ఒళ్లు మండేది బాత్రూం టైల్స్ చిట్కాకి. బ్లీచింగ్ పౌడర్‌లో యాసిడ్ కలపాలట! అందులోంచి వచ్చేది క్లోరిన్. 1915లో యుద్ధంలో సైనికుల మీదకి వదిలిన విషవాయువు అదే. నిమ్మరసమో వెనిగరో కలిపినా వచ్చేది అదే. చిన్న వెంటిలేటరున్న బాత్రూంలో, వంగి తోముతూ దాన్ని పీల్చేదెవరు? మనం, లేదంటే మన పనమ్మాయి. ఆమె దగ్గితే "ఘాటుగా ఉంది, బాగా పనిచేస్తోంది" అనుకుంటాం.

మా గ్రూపులో ఆ వీడియో పెట్టిన వదినగారికి ఇదంతా రాశాను. ఆవిడకి కోపం వచ్చింది. రానివ్వండి, వీడియో మాత్రం తీసేశారు.