కరెంటు బండికి రాయితీలు, సైకిల్‌కు రోడ్డంచు కూడా లేదు

ఈ పోస్టు జర పొడుగున్నది. ఓపిక ఉన్నోళ్లు ఇప్పుడే చదవండి, లేనోళ్లు రాత్రి బువ్వ తిన్నంక చదవండి. తిట్టేటోళ్లు మాత్రం ఆఖరిదాకా చదివే తిట్టండి.

ఈ మధ్య మొయినాబాద్, చేవెళ్ల దిక్కు ఎవరిని కదిలించినా ఒకటే ముచ్చట. "ఇంకా సైకిలేందే, బ్యాటరీ బండి కొనుక్కోరాదు?" అంటున్నరు. గండిపేట చుట్టూ విల్లాలల్ల ఉండే పిల్లలు నిలబడి తోలే కరెంటు స్కూటర్ల మీద తిరుగుతున్నరు. మన ఊర్లల్లనేమో ఇంటర్ చదివే పోరగాండ్లకు లైసెన్స్ అడగని బ్యాటరీ బండి కొనిపెడుతున్నరు. సైకిల్ అంటే బీదోని బండి, పాత సామాను అనే మాట అందరి నోట్ల నిలబడిపోయింది. ఆ మాట తప్పు అని చెప్పనీకే ఈ రాత.

నాకు కరెంటు బండితోని పగ లేదు. పూల మూటలు గుడిమల్కాపూర్ మార్కెట్ దాకా మోసుకపోయేటోళ్లకు, మోకాళ్లు పట్టేసిన పెద్దమనుషులకు, ఇరవై ముప్పై కిలోమీటర్లు పనికి పోయి వచ్చే ఆడబిడ్డలకు అది మంచిదే. ఒక్క యూనిట్ కరెంటుతోని స్కూటర్ 30, 40 కిలోమీటర్లు నడుస్తది. లీటర్ పెట్రోల్‌కు నూరు రూపాయల పైన పెట్టే కాలంల అది చిన్న లాభం కాదు. పెట్రోల్ బండి పోయి ఆ జాగల కరెంటు బండి వస్తే నేను కూడా సంతోషపడ్త.

కానీ మన దగ్గర జరుగుతున్నది అది ఒక్కటే కాదు. సైకిల్ పోయి ఆ జాగల కూడా కరెంటు బండి వస్తున్నది. దీంట్ల లాభం ఎవరికి? సైకిల్ పొగ ఇడ్వదు, పెట్రోల్ తాగదు. దాన్ని తీసేసి బ్యాటరీ బండి పెడితే గాలికి ఒరిగేది ఏం లేదు. మన రాష్ట్రంల కరెంటు ఎక్కువ భాగం బొగ్గు కాలిస్తే వచ్చేదే.

లెక్క చూడండి. ఇంటికాడి నుంచి బడికో, పొలానికో, పాల కేంద్రానికో మూడు కిలోమీటర్లు అనుకుందాం. సైకిల్ మీద పావు గంట. కరెంటు బండి మీద ఏడెనిమిది నిమిషాలు. మిగిలిన ఏడు నిమిషాల కోసం లక్ష రూపాయల బండి, దానికి కిస్తీలు, కొన్నేండ్లకు బ్యాటరీ పోతే మళ్ల వేలకు వేలు. మామూలు సైకిల్ ఏడెనిమిది వేలకు వస్తది. చైను తెగినా, ట్యూబు పంక్చరైనా ఊరి దుకాణంలనే బాగైతది. బ్యాటరీ బండి ఆగిపోతే దాన్ని ఆటోల వేసుకొని పట్నం పోవాలె.

ఇగ సర్కారు సంగతి. 2019 ఆగస్టు 1 నుంచి కరెంటు బండ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించిన్రు. మంచిదే. మరి సైకిల్ మీద? 12 శాతమే ఉంచిన్రు. 2025 సెప్టెంబర్ 22 నాడు గాని దాన్ని 5కు దించలేదు. ఆరేండ్లకు పైన ఈ దేశంల బ్యాటరీ కారు కొన్న శ్రీమంతుని మీద పన్ను శాతం తక్కువ, సైకిల్ కొన్న కూలోని మీద ఎక్కువ. ఈ సంగతి మీల ఎంతమందికి తెలుసు? ఏ టీవీల అన్న చర్చ పెట్టిన్రా?

కేంద్రం 2024ల పీఎం ఈ-డ్రైవ్ అని 10,900 కోట్ల పథకం తెచ్చింది. మన రాష్ట్రం 2024 నవంబర్‌ల కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసి, 2026 డిసెంబర్ 31 దాకా గడువు పెట్టింది. మోటార్ 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకపోతే ఆ బండికి రిజిస్ట్రేషన్ లేదు, తోలేటోనికి లైసెన్స్ లేదు. ఇన్ని సౌకర్యాల నడుమ మామూలు సైకిల్ పేరు యాడన్న ఉన్నదా?

కొత్త బండి వచ్చినప్పుడల్లా పాతదాని పని అయిపోయిందనుడు మనకే కాదు, లోకానికే అలవాటు. 2001ల అమెరికాల డీన్ కామెన్ అనే ఆయన సెగ్వే అని రెండు చక్రాల కరెంటు బండి బయటపెట్టిండు. నిలబడితే చాలు, అదే పోతది. నగరాలల్ల నడకే మారిపోతదని పెద్ద ప్రచారం అయింది. 2020ల దాని తయారీ ఆపేసిన్రు. అన్నేండ్లల్ల అమ్ముడుపోయినయి 1,40,000 దాకా మాత్రమే. పారిస్ నగరంల కిరాయి కరెంటు స్కూటర్లు ఫుట్‌పాత్‌ల మీద అడ్డదిడ్డంగ పడి ఉంటున్నయని 2023 ఏప్రిల్‌ల జనాన్నే ఓటు అడిగిన్రు. ఓటేసిన నూరుమందిల దగ్గర దగ్గర తొంభై మంది వద్దన్నరు. ఆ సెప్టెంబర్‌కు అవి ఊరు ఇడ్సి పోయినయి. అదే పారిస్‌ల సైకిల్ బాటలు మాత్రం పెరుగుతనే ఉన్నయి.

మరి మన దగ్గర సైకిల్ బాట లేదా అంటే, ఉన్నది. మన పక్కనే ఉన్నది. అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు పుట్టేటట్టు కట్టి, 2023 అక్టోబర్ 1న ప్రారంభించిన్రు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒకటి, నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఇంకొకటి. మంచి పని, కాదనను. కానీ ఆ బాట పోలీస్ అకాడమీ కాడ ఆగింది. మన చేవెళ్ల రోడ్డు మొదలయ్యేదే అక్కడ, అప్పా జంక్షన్ కాడ.

అంటే ఏంది? ఆరోగ్యం కోసం తొక్కేటోనికి నీడ, లైట్లు, బాట. పని కోసం తొక్కేటోనికి తెల్లగీత అవతల గుంతలు, కంకర, ఎనక నుంచి టిప్పర్ హారన్. మన రోడ్డు ఎసొంటిదో నేను చెప్పాల్నా? 2025 నవంబర్ 3న మీర్జాగూడ కాడ కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దితే 19 మంది పోయిన్రు. బస్సుల కూసున్నోళ్లకే దిక్కు లేని రోడ్డు మీద సైకిల్ తొక్కే బిడ్డకు ఏం భరోసా ఉంటది?

అందుకే అంటున్న, మన ఊర్లల్ల సైకిల్‌ను ఓడగొట్టింది బ్యాటరీ కాదు, రోడ్డు. తల్లిదండ్రులు భయపడి బండి కొనిపెడుతున్నరు. ఆ బండి కూడా అదే అంచున, అదే టిప్పర్ పక్కనుంచే పోవాలె. పైసలు పోయినయి గాని భయం పోలేదు.

"ఎండల ఎవడు తొక్కుతడు?" అని కొందరంటరు. పట్నం బాటకు సోలార్ పలకలతోని కప్పు వేసిన్రు. మన రోడ్డుకు ఆ ఖర్చు లేకుండనే మర్రిచెట్లు కప్పు వేసినయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల విస్తరణల తొమ్మిది వందల దాకా మర్రిచెట్లు ఉంటయా పోతయా అని కేసు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. రోడ్డు కావాల్నా, చెట్లు కావాల్నా అని ఏండ్లకేండ్లు కొట్లాడిన్రు. ఆ చెట్ల కిందనే సైకిళ్లకు బాట వేస్తే రెండూ దక్కుతయి కదా అని అడిగిన గొంతు నాకైతే ఇనబడలే.

నెదర్లాండ్స్‌ల సైకిల్ బాటలు ఊకెనే రాలేదు. 1971ల ఒక్క ఏడాదిల అక్కడ రోడ్ల మీద 3,300 మంది దాకా చచ్చిపోయిన్రు, అండ్ల 400 మందికి పైన పిల్లలే. అప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కిన్రు. సర్కారు దిగొచ్చింది. వాళ్లు పిల్లలకు వేరే బండ్లు కొనియ్యలే, వేరే బాట అడిగిన్రు.

మనం కూడా అదే అడుగుదాం. చేవెళ్ల రోడ్డు వెడల్పు చేసే పనిలనే, మర్రిచెట్ల నీడల, పెద్ద బండ్లకు అడ్డు కట్టి, రెండు దిక్కుల సైకిల్ బాట వెయ్యాలె. అది అకాడమీ కాడి బాటకు కలవాలె. ఊరి నుంచి హైస్కూల్ దాకా పోయే లింకు రోడ్లకు కూడా అంచు బాగు చెయ్యాలె. ఆ బాట మీద నెమ్మదిగ పోయే చిన్న బ్యాటరీ సైకిల్ కూడా పోనీ, నాకు అభ్యంతరం లేదు.

గ్రామసభ జరిగినప్పుడు సీసీ రోడ్డు, మోరీ అడిగినట్టే ఇది కూడా లేసి అడగండి. తీర్మానం రాయించండి. ఎమ్మెల్యే వచ్చినప్పుడు శాలువా కప్పుడుతో పాటు ఈ కాగితం కూడా చేతిల పెట్టండి. రోడ్డు పూర్తయినంక అడిగితే "ఇగ జాగ లేదు" అంటరు. ఇప్పుడే అడగాలె.

మీ ఊరి నుంచి బడి దాకా సైకిల్ మీద పిల్లలు ఏ రోడ్డున పోతున్నరో, ఎక్కడ ప్రమాదమో కింద రాయండి. ఊరి పేరు, జాగ పేరు రాస్తే చాలు. అన్నీ కలిపి ఒక్క అర్జీ రాద్దాం.