స్నాయువు కండయా, త్రాడా?

ఈ కన్నడసీమయందు తరతరములుగా కాపురమున్న తెలుగువారి పిల్లలకు శరీరశాస్త్రమున నొక చిక్కు గలదు. మన తెలుగు పాఠములో కండరమును ఎముకకు గట్టు త్రాడు స్నాయుబంధనము. కన్నడ గ్రంథమున స్నాయువనగా కండరమే. పదవ తరగతి ముగించి అన్యభాషా తరగతిలో చేరిన బాలుడు ఈ యొక్క మాటకడనే తడబడును. అది చూచి తలిదండ్రులు కొందఱు, తెలుగులో శాస్త్రము చదివిన ఫలమిదియే యని పెదవి విఱతురు. ఆ తీర్పు న్యాయము గాదని మా యభిప్రాయము. వస్తువును చూపక పేరు మాత్రము వల్లె వేయించిన, ఏ భాషలో చదివినను తడబాటు తప్పదు.

కండరమును చూచుటకు ప్రయోగశాల యక్కఱలేదు. మోచేయి మడచి జబ్బపై రెండవ చేయి వేసిన చాలును. ముందరి కండ ఉబ్బి గట్టిపడును. బరువును పైకెత్తుచు చేయి చాపినచో వెనుకటి కండ బిగియును, ముందరిది సడలును. కండరము లాగగలదే కాని నెట్టజాలదు. కావుననే యవి ఎదురెదురుగా జంటలై యున్నవి. ఇక మడమ వెనుక తడవి చూడుడు. పిక్కకండ క్రిందికి సన్నగిల్లి, గట్టి త్రాడై మడమ యెముకను పట్టియుండును. మన దేహమున నింతకంటె దృఢమైన త్రాడు లేదు. ఇండ్లలో దీనిని గూడ 'నరము' అనుచుందుము. అసలు నరము మెదడు, వెన్నుపాముల యాజ్ఞను కండకు మోయునది. ఇట్లు చేతితో తడవి నేర్చిన బాలుడు త్రాడేదో, కండయేదో మఱువడు.

ఎముకలను కదల్చు కండరములు మనకు 600 పైచిలుకు గలవు. ఒక్కొక్కటి పోగుల కట్ట. పోగులో మఱింత సన్నని తంతువులు. తంతువులో వరుసగా సార్కోమియర్లను గదులు. నాలుగైదువందల గదులు చేర్చినగాని ఒక మిల్లీమీటరు కాదు. గదిలో మయోసిన్ అను లావుపోగులును, ఆక్టిన్ అను సన్నపోగులును గలవు. కండ కుఱుచయగునపుడు ఈ పోగులు కుఱుచ గావు, ఒకదాని ప్రక్కగా నొకటి జారును. ఈ సంగతిని 1954లో ఆండ్రూ హక్స్లీ, నీడర్‌గెర్కె యొక జంటగాను, హ్యూ హక్స్లీ, జీన్ హాన్సన్ మఱియొక జంటగాను ప్రకటించిరి. హక్స్లీలిద్దఱికి చుట్టఱికము లేదు! నరము ద్వారా ఆజ్ఞ అందగనే కండలో కాల్షియము వెలువడును. మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టి లాగును. ఆ పట్టు విడుచుటకు ఏ.టి.పి. యను శక్తిద్రవ్యము కావలెను. మరణించిన కొన్ని గంటలకు దేహము బిగుసుకొనుట అది తఱిగిపోవుటచేతనే. కండ సడలుటకును వ్యయమున్నదన్న మాట.

ఆక్టిన్, మయోసిన్ అను పేర్లు ఏ భాషకు పోయినను మాఱవు. మాఱునవి కొలది మాటలు మాత్రమే. మరాఠీలోను స్నాయువు కండరమే. తమిళమున తశై, ఒడియాలో మాంసపేశి. ఇక్కడి మన పిల్లలకు నల్లబల్లపై కండరము, స్నాయు, మజిల్ అని ప్రక్కప్రక్కన వ్రాసి చూపుటకు రెండు నిమిషములు చాలును. ఆ మాటలకొఱకు పిల్లవానిని బడి మాన్పించి వేఱు బడికి పంపనక్కఱలేదు. ఉపాధ్యాయులకును మాదొక విన్నపము: స్నాయువని వ్రాసిన కాగితమునకు మార్కులు కోయుటకు ముందు, బాలుడు గీత గీసి చూపినది కండనో త్రాడునో బొమ్మలో పరిశీలింపుడు.