ట్యాంకర్ నీళ్ళ ఫుట్‌బాల్

పటాన్‌చెరు, బొల్లారం వైపు బోర్లు ఖరాబైనప్పుడు మనం ఏం చేశామో అందరికీ యాదుంది. ట్యాంకర్ పిలిపించుకున్నాం. ఆ పూట దాహం తీరింది. మర్నాడు మళ్ళీ ట్యాంకర్, మళ్ళీ పైసలు. బోరు మాత్రం ఎప్పటిలాగే ఖరాబు. మన ఫుట్‌బాల్ శౌఖ్ కూడా ఇలాగే తయారైంది. ఆట ఎండిపోయింది, కొత్త ఆటగాళ్ళు రావడం లేదు. దానికి మనం కనిపెట్టిన ఇలాజ్ ఏమిటంటే ఒక పెద్ద స్టార్‌ని ట్యాంకర్‌లా పిలిపించుకోవడం.

సాఫ్‌గా చెప్తున్నాను. ఖరీదైన స్టార్‌ని కొంటే కామ్‌యాబీ దాని వెనకాలే నడిచి వస్తుందన్నది ధోఖా. పెద్ద క్లబ్బులే ఈ ధోఖాలో పడ్డాయి. వాళ్ళ దగ్గర తగలెయ్యడానికి దౌలత్ ఉంది. మన మొహల్లాల దగ్గర ఉన్నది చందా డబ్బా. అందులో పడే ప్రతి రూపాయి ఓ మజ్దూర్ పన్నెండు గంటల షిఫ్ట్ చేసి తెచ్చింది. అది అమానత్. దాన్ని తమాషాకి ఖర్చు పెట్టే హక్ ఎవరికీ లేదు.

2025 డిసెంబర్ 13న మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియం నిండిపోయింది, ముఖ్యమంత్రి కూడా బంతి తన్నారు. పిల్లలు ఖుషీ పడ్డారు, పడనీయండి. కానీ అదే ఏడాది ఇంకోటి జరిగింది. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే మన సొంత క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఒక సాయంత్రం వచ్చి పోయిన మెహమాన్ గురించి వారం మాట్లాడుకున్నాం. ఇంట్లోంచి వెళ్ళిపోయినవాడి గురించి ఒక్క పూట కూడా అఫ్సోస్ పడలేదు.

ఆ క్లబ్ కహానీ తెలిస్తే స్టార్ల సంగతి చాలావరకు తెలిసినట్టే. 2019లో పుణె క్లబ్ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. మొదటి సీజన్‌కి ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో పనిచేసిన ఫిల్ బ్రౌన్ కోచ్. మార్సెలీనో, బోబో లాంటి పేరున్న బ్రెజిల్ ఆటగాళ్ళు ముందు వరసలో. పదింటిలో పదో స్థానం దక్కింది. సీజన్ మధ్యలోనే కోచ్ మారాడు.

2020లో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ ఉస్తాద్ వచ్చాడు. పోస్టర్ల మీద వేసుకునే పేర్ల కోసం వెతకలేదు, మన దేశపు నౌజవాన్లని నమ్మాడు. యూపీ నుంచి ఆకాశ్ మిశ్రా, సిక్కిం నుంచి ఆశీష్ రాయ్, మణిపూర్ నుంచి మొహమ్మద్ యాసిర్. ఆ ఏడు ఐదో స్థానం. మరుసటి ఏడు, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ ట్రోఫీ.

ఇక్కడ ఎవరైనా అడుగుతారు: "మరి ఓగ్‌బెచే సంగతేంటి? 18 గోల్స్ కొట్టింది విదేశీ స్టారే కదా?" సవాల్ సహీ. ఓగ్‌బెచే లేకపోతే ఆ జట్టు ఫైనల్ దాకా వచ్చేది కాదేమో. కానీ ఫైనల్‌లో 88వ నిమిషంలో స్కోరు సమం చేసింది గోవా కుర్రాడు సాహిల్ తవోరా. పెనాల్టీల్లో మూడు ఆపింది మన దేశపు గోల్‌కీపర్ కట్టిమణి. చివరి కిక్ కొట్టింది హలిచరణ్ నర్జరీ. ఓగ్‌బెచే పనికొచ్చాడంటే ఆయన చుట్టూ జట్టు ఉంది కాబట్టి. మొదటి ఏడు పేరున్నవాళ్ళు పనికిరాలేదంటే వాళ్ళ చుట్టూ ఏమీ లేదు కాబట్టి. స్టార్ బిర్యానీలో జాఫ్రాన్ లాంటివాడు. చావల్, గోష్త్ లేకుండా ఉత్త జాఫ్రాన్ వండితే దస్తర్‌ఖాన్ మీద ఏం పెడతావు?

తర్వాత జరిగింది ఇంకా సబక్ నేర్పుతుంది. జీతాల బకాయిలు మొదలయ్యాయి. కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో సీజన్ మొత్తం మీద ఒక్కటే గెలుపు, మళ్ళీ ఆఖరి స్థానం. చాంపియన్ నుంచి అట్టడుగుకి రెండేళ్ళు. ఫ్యాక్టరీ ఇలాఖాలో బతికే మనకి దీన్ని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. తన్‌ఖా పడని చోట ఎంత హునర్ ఉన్నవాడైనా ఎన్ని నెలలు నిలబడతాడు?

పైసా అవసరమే లేదని నేను అనడం లేదు. ఇంగ్లండ్ క్లబ్బుల లెక్కలు తీసిన ఆర్థికవేత్త స్టీఫన్ సిమాన్‌స్కీ, పాత్రికేయుడు సైమన్ కూపర్ చాలా ఏళ్ళ కిందటే తేల్చిన మాట ఒకటుంది. జట్టు మొత్తానికి ఇచ్చే జీతాలకీ, లీగ్‌లో ఆ జట్టు స్థానానికీ గట్టి రిష్తా ఉంది. ఆటగాళ్ళని కొనడానికి పోసే బదిలీ సొమ్ముకీ స్థానానికీ మాత్రం రిష్తా బలహీనం. అంటే ఇరవై ఐదు మందికీ నెలనెలా సరిగ్గా ఇస్తే ఫాయిదా ఉంది. ఒక్కడి కొనుగోలు మీద కుమ్మరిస్తే ఆ భరోసా లేదు.

రియాద్, జెద్దాల్లో మనవాళ్ళు ఉన్న ఇళ్ళల్లో సౌదీ లీగ్ ముచ్చట రోజూ నడుస్తుంది. అక్కడే చూడండి. 2022 డిసెంబర్ చివర్లో అల్ నస్ర్ రొనాల్డోని తెచ్చుకుంది. 2023లో అరబ్ క్లబ్ చాంపియన్స్ కప్ ఫైనల్‌లో రెండు గోల్స్ కొట్టి గెలిపించాడు, ఇన్సాఫ్‌గా ఒప్పుకోవాలి. కానీ అతను వచ్చాక మూడు సీజన్లు వరసగా లీగ్ టైటిల్ అల్ ఇత్తిహాద్, అల్ హిలాల్, మళ్ళీ అల్ ఇత్తిహాద్ ఇళ్ళకే చేరింది. 2023లో అల్ హిలాల్ నెయ్‌మార్‌ని కొన్నది. అక్టోబర్‌లో అతని మోకాలు పోయింది. ఆ క్లబ్‌కి అతను ఆడినవి మొత్తం ఏడే మ్యాచులు. అయినా 2023-24లో అల్ హిలాల్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా లీగ్ గెలిచింది. వాళ్ళూ ఖర్చు తక్కువేం పెట్టలేదు. కాకపోతే అందరికంటే ఖరీదైనవాడు ఆస్పత్రిలో ఉన్నా నడిచే జట్టు వాళ్ళకుంది.

పారిస్ క్లబ్ పీఎస్‌జీ 2017లో ఇదే నెయ్‌మార్‌కి 22.2 కోట్ల యూరోలు పోసింది. 2021లో మెస్సీ కూడా వచ్చాడు, ఎంబాపె ముందే ఉన్నాడు. ముగ్గురూ కలిసి ఆడిన రెండేళ్ళూ చాంపియన్స్ లీగ్‌లో చివరి పదహారు జట్ల దగ్గరే ఖేల్ ఖతమ్. ముగ్గురూ వెళ్ళిపోయాక 2025లో అదే క్లబ్ ఫైనల్‌లో ఇంటర్ మిలాన్‌ని 5-0తో ఓడించింది. మొదటి గోల్ మన పిల్లలకి ప్యారా అయిన హకీమీది. ఆఖరి గోల్ కొట్టింది ఆ క్లబ్ తన అకాడమీలోనే పెంచుకున్న పందొమ్మిదేళ్ళ సెన్నీ మయులు.

దూరం ఎందుకు, మన ఇంటి తారీఖ్ చూద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఒక స్కూల్ టీచర్. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు ఆ జట్టుదే. ఆ జట్టు కోసం ఎవరినీ వేలంలో కొనలేదు. ఆటగాళ్ళకి పోలీస్ నౌక్రీ ఉండేది, నెల తిరిగేసరికి తన్‌ఖా వచ్చేది. పైన రహీం సాబ్ తాలీమ్. బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు, డ్రిబ్లింగ్ చేయకూడదని పోటీలు పెట్టేవారు. బంతిని పట్టుకుని ఊరేగేవాడు కాదు, పక్కవాడికి టైముకి ఇచ్చేవాడే ఆటగాడని నేర్పారు.

దేశం జట్టుకీ అదే తాలీమ్. 1951 ఏషియన్ గేమ్స్‌లో సోనా. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమైతే, ఆయన్ని బెంచ్ మీద కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా ఆడించారు రహీం సాబ్. ఫైనల్‌లో జర్నైల్ గోల్ కొట్టారు, దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. ఆ అక్కల్‌ని ఏ సొమ్ముతో కొంటారు? మరుసటి ఏడే, 1963 జూన్‌లో, కేన్సర్‌తో రహీం సాబ్ ఇంతెఖాల్ అయ్యారు.

ఆ తర్వాత ఏమైంది? తులసీదాస్ బలరాం అంతకుముందే కలకత్తా వెళ్ళారు. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ అదే తోవ పట్టారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ వాళ్ళతో కప్పులు గెలుచుకున్నాయి. 1977లో పెలే కలకత్తా వచ్చి ఆడిన మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్ళలో మన హబీబ్ భాయ్ ఒకరు. "చూశారా, కొంటే గెలుస్తారు" అని ఎవరైనా అనొచ్చు. నిజమే, కలకత్తా గెలిచింది. కానీ ఆ సితారాలని తయారుచేసింది హైదరాబాద్. అమ్ముకున్నాక మళ్ళీ తయారుచేసే కార్ఖానా మనం నడపలేదు. హైదరాబాద్ 1956-57, 1957-58ల్లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో గెలిచాం. ఆ ట్రోఫీ మళ్ళీ మన ముఖం చూడలేదు. 2024 డిసెంబర్‌లో ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. మనం కుర్చీలు వేసి మెహమాన్‌నవాజీ చేశాం.

ఇప్పుడు మన గల్లీలోకి వద్దాం. సంగారెడ్డి, సదాశివపేట, ఇస్నాపూర్, రామచంద్రాపురం... ఎక్కడ టోర్నమెంట్ అన్నా ఒకటే తరీఖా. దుకాణం దుకాణం తిరిగి చందా వసూలు. అందులో పెద్ద హిస్సా సిటీ నుంచి రెండు రోజులకి కిరాయికి తెచ్చే ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ళకి. మిగిలింది బ్యానర్లకి, సౌండ్ సిస్టమ్‌కి, నిలువెత్తు కప్పుకి. ఏడాదంతా ఫజర్ తర్వాత గ్రౌండ్‌కి వచ్చి చెమటోడ్చిన మన పిల్లవాడు గీత బయట నీళ్ళ సీసాలు మోస్తాడు. కప్పు గెలుస్తాం. సోమవారం వాళ్ళు సిటీకి వెళ్ళిపోతారు. కప్పు సెక్రటరీ సాబ్ ఇంట్లో షోకేసులోకి వెళ్తుంది. మన పిల్లవాడు మొబైల్ గేమ్‌లోకి వెళ్తాడు. కమిటీ పెద్దలారా, ఇది ఇస్రాఫ్ కాదా? పెళ్ళిళ్ళలో దుబారా మీద జుమా బయాన్‌లో గంట వింటాం. గ్రౌండ్ మీద దుబారాకి మాత్రం చప్పట్లు కొడతాం.

"కిరాయి ఆటగాళ్ళు లేకపోతే ఓడిపోతాం" అంటారు. ఓడిపోండి. సొంత పిల్లలతో మొదటి ఏడు ఓడిపోతాం, రెండో ఏడు కూడా ఓడిపోతాం. మూడో ఏడు ఏమవుతుందో అప్పుడు చూద్దాం. "పెద్ద ఆటగాణ్ణి చూస్తే పిల్లలకి జోష్ వస్తుంది" అని ఇంకో మాట. వస్తుంది. కానీ ఆ జోష్ మర్నాడు పొద్దున ఎక్కడికి వెళ్ళాలి? గ్రౌండ్ లేదు, నేర్పే ఉస్తాద్ లేడు. జోష్ అక్కడే చల్లారిపోతుంది.

నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్యని చూడండి. జిల్లాలోనే ఒక కోచ్ దగ్గర ఆట నేర్చుకుంది. క్రొయేషియా దాకా వెళ్ళి ఆడింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్‌తో దేశపు మహిళా లీగ్ గెలిచింది. అదే ఏడు ఆలిండియా ఫెడరేషన్ ఆమెని ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంచుకుంది. ఆ అమ్మాయి కోసం ఎవరూ బయట నుంచి స్టార్‌ని తేలేదు. ఒక ఉస్తాద్ రోజూ గ్రౌండ్‌కి వచ్చాడు, అంతే. బేటీలున్న అమ్మీలు, అబ్బాలు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నా మషూరా మూడు ముక్కల్లో చెప్తాను. ఒకటి, మన టోర్నమెంట్లలో కిరాయి ఆటగాళ్ళని బంద్ చేయండి. ఆ మండలంలో ఉండేవాళ్ళే, ఏడాది పొడవునా ఆ గ్రౌండ్‌లో ఆడేవాళ్ళే ఆడాలని కాయదా పెట్టండి. రెండు, ఆ మిగిలిన చందాతో ఒక శిక్షణ పొందిన కోచ్‌కి నెల తన్‌ఖా ఇవ్వండి. రెండు రోజులకి కాదు, పన్నెండు నెలలకి.

మూడోది ఫ్యాక్టరీల సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీ మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. ఆ పనుల జాబితాలో గ్రామీణ క్రీడలకి, గుర్తింపు పొందిన క్రీడలకి తాలీమ్ ఇవ్వడం కూడా ఉంది. పాశమైలారం నుంచి బొల్లారం దాకా అలాంటి కంపెనీలు బోలెడున్నాయి. మనం ఏం అడుగుతున్నాం? మేనేజర్ సాబ్‌ని చీఫ్ గెస్ట్‌గా రమ్మంటాం, ఒక కప్పు ఇమ్మంటాం. ఆయన హాయిగా ఇచ్చేసి ఫొటో దిగి వెళ్తాడు. కప్పు అడగడం మానేయండి. గ్రౌండ్ అడగండి, కోచ్ జీతం మూడేళ్ళకి రాసిమ్మని దర్ఖాస్త్ పెట్టండి. మన నీళ్ళు తాగి, మన గాలి పీల్చి పెరిగిన కంపెనీలవి. ఇది ఖైరాత్ కాదు, మన హక్.

రంజాన్ తర్వాత చాలా కమిటీలు మళ్ళీ చందా రసీదు పుస్తకాలు అచ్చు వేయిస్తాయి. మీ గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు జేబులో చెయ్యి పెట్టేముందు ఒక్క సవాల్ అడగండి: "ఈ పైసలతో మా పిల్లవాడు ఆడతాడా, లేక మా పిల్లవాడు చూస్తాడా?" జవాబు సరిగ్గా రాకపోతే చెయ్యి జేబులోనే ఉంచండి.