నొప్పి తగ్గిందని ఎవరు చెప్పాలి?

విశాఖ దగ్గరి పెందుర్తి చుట్టుపక్కల ఒళ్లంతా నొప్పులని చెప్పుకునే ఆడవాళ్లకు రెండు తీర్పులు ఎదురవుతాయి. రిపోర్టులు చూసినవారు "మీకేమీ లేదమ్మా" అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు "దిష్టి తగిలింది, లేకపోతే గాలి సోకింది" అంటారు. మన్యం ఊళ్లలో ఈ మాట చిల్లంగి (చేతబడి) దాకా పోతుంది. ఆ అనుమానంతో మనుషుల్ని చంపిన ఘటనలు ఉమ్మడి విశాఖ జిల్లాలో జరిగాయి.

రెండు తీర్పులూ తప్పే. మెడ, భుజాలు, నడుము, తొడలు నెలల తరబడి సలపడం, పడుకుని లేచినా అలసట తీరకపోవడం, చేతిలో పని మధ్యలో మరిచిపోవడం: ఇవన్నీ కలిసి ఉంటే అది ఫైబ్రోమయాల్జియా కావచ్చు. వందమందిలో ఇద్దరు ముగ్గురికి ఉండే జబ్బు ఇది, అందులోనూ ఎక్కువ మంది స్త్రీలు. ఇందులో కీలు వాచదు, ఎముక అరగదు, అందుకే ఎక్స్‌రేలో దొరకదు. నొప్పి సంకేతాలను మెదడు, వెన్నుపాము ఉన్నదానికంటే పెంచి అందిస్తాయి. 1990లో అమెరికన్ రుమటాలజీ కాలేజీ పెట్టిన ప్రమాణం ప్రకారం డాక్టరు ఒంటిమీద 18 చోట్ల నొక్కి చూసి, 11 చోట్లయినా నొప్పి ఉందో లేదో లెక్కపెట్టాల్సి ఉండేది. 2010లో ఆ నొక్కుడు తీసేశారు. ఎక్కడెక్కడ నొప్పి, ఎంత అలసట, నిద్ర ఎలా ఉంది అని అడిగి, రోగి చెప్పిందే ఆధారంగా తీసుకున్నారు. ఈ జబ్బులో రోగి మాటకు మించిన పరీక్ష లేదు.

మరి తాయెత్తు కట్టించుకున్నాక తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారా? లేదు. ఈ నొప్పి ఒక వారం కూర్చోనివ్వదు, ఇంకో వారం ఇంటిపని చేసుకోనిస్తుంది. మనిషి వైద్యం కోసం గుమ్మం దాటేది బొత్తిగా తాళలేని రోజునే. ఆ తర్వాత వచ్చే రోజులు ఏ వైద్యమూ లేకపోయినా ఎంతో కొంత తేలికగానే ఉంటాయి. ఆ తేలికదనం మంత్రం వేసినవాడికో, పసరు పోసినవాడికో, నొప్పి సూది పొడిచిన ఆర్‌ఎంపీకో పేరు తెచ్చిపెడుతుంది. సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కుకున్నవాళ్లు 32 కిలోమీటర్లు నడుస్తారు. రోజూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ నడిస్తే ఈ జబ్బులో మేలు జరుగుతుందని రుజువుంది. 2016లో యూరోపియన్ రుమటాలజీ సంఘం గట్టిగా సిఫారసు చేసిన ఒకే ఒక్క చికిత్స వ్యాయామం. కానీ అలవాటు లేని ఒంటితో ఒక్కరోజులో అంత దూరం నడిస్తే నొప్పి ఎగదన్నుతుంది. అప్పుడు తప్పు మొక్కుకున్న మనిషి భక్తి మీదికి పోతుంది. తగ్గితే మొక్కు గొప్ప, పెరిగితే మనిషి లోపం. ఓడిపోవడానికి వీల్లేకుండా కట్టుకున్న లెక్క ఇది.

క్లినికల్ ట్రయల్‌లో ఓటమికి చోటుంటుంది. ఒకే రకం రోగుల్ని ఎవరి ఇష్టాయిష్టాలూ లేకుండా రెండు గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకు మందు, ఇంకో గుంపుకు అచ్చం అలాగే ఉండే ఖాళీ మాత్ర. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఫైబ్రోమయాల్జియాకు అమెరికా 2007లో అనుమతించిన మొదటి మందు ప్రీగాబాలిన్. దాని ట్రయల్స్‌ను కాక్రేన్ సంస్థ 2016లో కలిపి చూసింది. మందు తీసుకున్న వందమందిలో 22 నుంచి 24 మందికి నొప్పి సగమో అంతకంటే ఎక్కువో తగ్గింది. ఖాళీ మాత్ర తీసుకున్నవాళ్లలోనూ 14 మందికి అంతే తగ్గింది. మందు నిజంగా చేసిన మేలు ఈ రెండింటి మధ్య తేడాయే. తన సరుకు ఎంతమందికి పనిచేయలేదో లెక్కగట్టి అచ్చువేసే తాయెత్తు వ్యాపారిని నేనెక్కడా చూడలేదు.

"మనల్ని ఎలుకల్లా వాడుకుంటారు" అని ట్రయల్ పేరెత్తగానే జనం వెనక్కి తగ్గుతారు. ఈ భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం హేతువాదం కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనంలో భాగంగా సుమారు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లే సంతకం చేసినవి, 1,948 వేలిముద్రలు. టీకా వేయించుకున్నవారిలో కొందరు బాలికలు తర్వాత చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ తేల్చింది, ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపుతుందనీ రుజువైంది. అయినా, అడగకుండా చేసిన పని అడిగి చేసినట్టు అవుతుందా? 2011లో పిడుగురాళ్ల ప్రాంతపు పేద స్త్రీలను డబ్బు ఆశ చూపి మందుల పరీక్షలకు హైదరాబాద్ తీసుకెళ్లిన సంగతీ బయటపడింది. జనం భయపడటానికి కారణం ఉంది.

ట్రయల్ అంటే భయపడే ఆ మనిషే ఏ పేరూ లేని పొడి కొనుక్కుని మింగుతుంది. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్మడం దేశమంతటా పట్టుబడుతున్నదే. స్టెరాయిడ్లు ఈ జబ్బుకు పనిచేయవు, పైగా ఎముకల్ని గుల్ల చేస్తాయి, షుగరు పెంచుతాయి. అదీ ఆమె ఒంటిమీద జరిగే ప్రయోగమే. దానికి సంతకం లేదు, చిట్టా లేదు, నష్టపరిహారం లేదు.

ఇంకో ఆచారం గురించి ఎవరూ మాట్లాడరు. డాక్టరు గారు "ఎలా ఉందమ్మా" అంటే "పర్వాలేదండి, తగ్గిందండి" అనడం మనకు మర్యాద. అత్తగారి ముందు నొప్పి అనకూడదు, మొగుడి ముందు మూలగకూడదు, దేవుడి ముందు తగ్గలేదనకూడదు అని పెంచిన మనిషి డాక్టరుకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతుందా? నొప్పి ట్రయల్‌లో రోజూ 0 నుంచి 10 దాకా అంకె వేసి రాయమంటారు. అవతలివారు బాధపడతారని 7ను 4 చేస్తే, పనిచేసే మందుకూ ఖాళీ మాత్రకూ మధ్య తేడా కనబడకుండా పోవచ్చు. మెడలో తాయెత్తు ఉన్నా పర్వాలేదు గానీ, లోపల మింగుతున్న పొడిని దాచిపెడితే ఆ లెక్క పాడవుతుంది, ఆమె ప్రాణానికీ ముప్పు. తగ్గలేదని చెప్పే హక్కును ఆడవాళ్లకు ఇవ్వని ఇల్లు వాళ్ల వైద్యాన్ని కూడా చెడగొడుతోంది. నాకు దీని మీద ఉన్నంత కోపం బాబాల మీద కూడా లేదు.

డాక్టరును దేవుడనుకోవడమూ ఒక మూఢనమ్మకమే. ట్రయల్ చికిత్స కాదు. ఖాళీ మాత్రే రావచ్చు, వాడుతున్న నొప్పి మందు కొన్నాళ్లు ఆపమనవచ్చు. ఇది తెలిసి ఒప్పుకోవాలి. 2019లో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. చదువు రానివారి సంతకానికి ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. సమాచార పత్రం ప్రతి ఒకటి రోగికి ఇవ్వాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు.

విశాఖలో ఏ ఆసుపత్రిలోనైనా నొప్పి ట్రయల్‌లో చేరమంటే, మొదటి రోజే సంతకం పెట్టనక్కర్లేదు. తెలుగు కాగితం ఇంటికి తెచ్చుకోండి. సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) నంబరు అడగండి, దేశంలో ప్రతి ట్రయల్‌నూ మొదటి రోగిని చేర్చకముందే అక్కడ నమోదు చేసి ఉండాలి. ఖాళీ మాత్ర వచ్చే అవకాశం ఎంతో, ట్రయల్ అయిపోయాక మందు ఇస్తారో లేదో, రాత్రిపూట నొప్పి ఎగదన్నితే ఎవరికి ఫోన్ చేయాలో అడగండి. జవాబులు విన్నాక ఒప్పుకుంటుందో కాదంటుందో నొప్పి ఉన్న ఆ మనిషి చెప్పాలి. ఆ కాసేపు భర్త, అత్త, తోడొచ్చిన పెద్దమనిషి గది బయట కూర్చోవాలి.