ఉరుకుడొక్కటే మన ఆటనా?



డిచ్‌పల్లి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మేము సూటిగా అడుగుతున్నాం. "తండా పిల్లలు, మీకు దమ్ము పుట్టుకతోనే ఉంటది, ఉరకండి చాలు" అంటరు. పొగడ్త లెక్కనే ఉంటది. గుండు, ఇసుక గుంత, జిమ్ము వేరేవాళ్లకు పోతయి. మనకు రోడ్డు మిగుల్తది.

2022 కానిస్టేబుల్ ఈవెంట్స్ చూడండి. మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు. అది మనోళ్లకు కష్టం కాదు. కానీ 4 మీటర్ల లాంగ్ జంప్ కూడా దుంకాలె, 7.26 కిలోల గుండు 6 మీటర్లు విసరాలె. మా సీనియర్లు ఇద్దరు ఉరుకుడుల ముందు వచ్చి, గుండు దగ్గర ఓడి వాపస్ వచ్చిండ్రు. గుండు చేత పట్టిందే ఆ రోజు మొదటిసారి!

మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ముందు స్ప్రింటర్, తర్వాతనే బాక్సర్. 2022, 2023ల ప్రపంచ చాంపియన్. మన గుగులోత్ సౌమ్య కూడా పరుగుతో మొదలుపెట్టి ఫుట్‌బాల్‌కు మారింది, 2022ల క్రొయేషియాల డైనమో జాగ్రెబ్ క్లబ్ దాకా పోయింది. నేర్చిన ఉరుకుడు వృథా కాలే. ఇంకో ఆట వాళ్ల ముందర పెట్టినోళ్లు ఉండిరి, అంతే.

వారంల మూడు రోజులు ఉరుకుదాం, మిగతా రోజులు కబడ్డీ, జంప్, గుండు. ఇసుక గుంత మనమే తవ్వుకుంటం, చెరుకు చేన్లల్ల తవ్వినోళ్లమే గద. గుండు మాత్రం హాస్టల్ ఇయ్యాలె. ఆదివారం పొద్దున ఆరింటికి గ్రౌండుకు రండి, అర్జీ మీద సంతకాలు పెడదాం.